మా అబ్బాయి పేరు చెప్పి

2020 జూన్‌లో ఒక శనివారం పొద్దున, కాలిఫోర్నియాలో మన కొట్లుండే ఆర్టీషియాలో పప్పులూ కూరగాయలూ తెస్తానని ఇంట్లో చెప్పి బయలుదేరిన నేను, కొట్లో పని ముగిశాక ఇంటికి తిరిగి రాకుండా మరికొంత దూరం కారు నడిపి, అనహైమ్‌లో ఒక వీధి పక్కన ఆపి, దిగకుండా అరగంట సేపు ఒక సిమెంటు కొండ శిఖరాన్ని చూస్తూ కూర్చున్నాను. ఆ కొండ పేరు మాటర్‌హార్న్. స్విట్జర్లాండ్‌లోని అసలు పర్వతంలో నూరో వంతు ఎత్తుండేలా, 147 అడుగులకు, 1959లో డిస్నీలాండ్‌లో కట్టారు. దాని కడుపులో రోలర్ కోస్టర్ తిరుగుతుంది. కరోనా కారణంగా ఆ ఏడాది మార్చి 14న మూసిన పార్కును 2021 ఏప్రిల్ 30 దాకా తెరవలేదు కనుక, ఆ రోజుల్లో నాకు దక్కింది ఆ తెల్లటి కొన ఒక్కటే. ఇంత ఆలస్యమైందేమిటని మావారు అడిగితే, దొండకాయల కోసం నాలుగు కొట్లు తిరగాల్సి వచ్చిందని చెప్పాను. దొండకాయలు మొదటి కొట్లోనే దొరికాయి.

యాభై దాటిన మనిషిని, బ్యాంకులో లెక్కలు సరిచూసే ఉద్యోగం చేసుకొనేదాన్ని, ఒక వినోదాల పార్కు మీద ఇంత మమకారం పెంచుకున్నానని చెప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు నోరు రాలేదు. నాలాంటి వాళ్ళు కొల్లలుగా ఉన్నారని తెలిశాక కొంత ధైర్యం వచ్చింది. ఉద్యోగం లేని రోజుల్లో కాలక్షేపంగా మొదలుపెట్టి, 2012 జనవరి 1 నుంచి పార్కు మూతపడేదాకా ఒక్క రోజు తప్పకుండా 2,995 రోజులు డిస్నీలాండ్‌కు వెళ్ళి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన ఆయన ఉన్నాడు. 2023 జనవరిలో ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో స్ప్లాష్ మౌంటెన్ అనే నీటి సవారీని మూసేస్తున్నప్పుడు, అందులోని నీళ్ళను సీసాల్లో పట్టుకొచ్చి ఈబేలో అమ్మకానికి పెట్టినవాళ్ళున్నారు. 2022లో ఫ్లోరిడాలోనే ఉన్న మరో డిస్నీ పార్కు ఎప్‌కాట్‌లో ఊదారంగు డ్రాగన్ బొమ్మ ఉన్న పాప్‌కార్న్ డబ్బా కోసం గంటల తరబడి వరుసలో నిలబడ్డవాళ్ళున్నారు. (ఆ వరుసలో నేను లేను. అయితే మా వంటింట్లో అలాంటి డబ్బాలు పదకొండు ఉన్నాయి, ఒకదానిలో ఎండుమిరపకాయలు పోసుకున్నాను.) పద్నాలుగేళ్ళు నిండినవారు పాత్రల వేషాలు వేసుకొని రాకూడదన్నది అక్కడి నియమం కాబట్టి, మామూలు బట్టల్లోనే ఫలానా పాత్ర రంగులు కుదిరేలా ముస్తాబై వచ్చేవాళ్ళున్నారు. పసుపుపచ్చ చుడీదారు మీద నీలం కుర్తా వేసుకొని, జడకు ఎర్ర రిబ్బను కట్టుకొని నేను వెళ్ళిన రోజున, నేను స్నోవైట్‌నని నాకు తప్ప ఎవరికీ తెలియలేదు.

ఇలాంటివి ఒకరికొకరు చెప్పుకొనేటప్పుడు అందరూ ముందుగా అనే మాట ఒకటుంది: ‘ఈ వయసులో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ’. ఆ మాటలోని మొదటి సగంతోనే నాకు పేచీ. సిగ్గుపడవలసిన సంగతులు మా దగ్గర నిజంగానే ఉన్నాయి, నా దగ్గరైతే దండిగా ఉన్నాయి, వాటిని దాచకుండా ఇక్కడే చెబుతాను. కానీ వాటిలో వయసుకు సంబంధించినది ఒక్కటీ లేదు.

మాది నరసరావుపేట. చిన్నప్పుడు శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళడం మా ఇంట్లో ఏటా ఉండేదే. ప్రభలు చూసి, కొండెక్కి దర్శనం చేసుకొని, దిగాక మేము పిల్లలం నలుగురం రంగులరాట్నం దగ్గరికి పరుగెత్తేవాళ్ళం. జెయింట్ వీల్ పైకి వెళ్ళినప్పుడు కిందికి చూస్తే, జనంలో మా అమ్మ కనిపించేది. జారి ఎవరి నెత్తినో పడతాయని మా చెప్పులు విప్పించి ఒక గుడ్డ సంచీలో వేసుకొని, ఆ సంచీ ఒక చేత్తోనూ, మా చిన్నవాడి పీచుమిఠాయి ఇంకో చేత్తోనూ పట్టుకొని, మెడ ఎత్తి మా వంకే చూస్తూ ఉండేది. ఆమె ఎక్కిన గుర్తు నాకు లేదు. ఎక్కమని ఎవరమైనా అడిగిన గుర్తు కూడా లేదు. అప్పటికి ఆమెకు ముప్పై రెండేళ్ళు ఉంటాయేమో.

డిస్నీలాండ్ పుట్టుక గురించి వాల్ట్ డిస్నీ చెప్పిన కథ మొదటిసారి తెలిసినప్పుడు నాకు ఆ గుడ్డ సంచీయే గుర్తుకొచ్చింది. లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కుకు ఆయన తన ఇద్దరు కూతుళ్ళను తీసుకెళ్ళేవాడట. పిల్లలు కొయ్యగుర్రాలెక్కి రాట్నం మీద తిరుగుతుంటే, తను బల్ల మీద కూర్చొని వేరుశనగకాయలు తింటూ, పెద్దవాళ్ళూ పిల్లలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఉండకూడదా అనుకున్నాడట. ఆ ఆలోచనే పెరిగి పెరిగి 1955 జూలై 17న అనహైమ్ నారింజ తోటల స్థలంలో పార్కుగా తెరుచుకుంది. అంటే దీనికి మూలం పిల్లల కోరిక కానే కాదు, బల్ల మీద కూర్చోబెట్టిన పెద్దమనిషికి కలిగిన విసుగు. ఆ బల్లను ఇప్పటికీ పార్కులోని మెయిన్ స్ట్రీట్ అనే వీధిలో ప్రదర్శనకు ఉంచారు. పెద్దవాళ్ళు సిగ్గుపడుతూ వెళ్ళే ఆ చోటు పెద్దవాళ్ళ కోసమే కట్టినదని చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం నాకు అక్కర్లేదు.

పైగా పిల్లలకు నిజంగా ఏం కావాలో చిన్నపిల్లల్ని తీసుకెళ్ళిన ఎవరినడిగినా చెబుతారు. 2006లో మా అబ్బాయికి మూడేళ్ళు. ఆ రోజంతటిలో వాడికి అన్నిటికన్నా నచ్చినవి బాతులు. డిస్నీలాండ్ కాలవల్లో మామూలు బాతులు చాలా తిరుగుతుంటాయి, జనం చేతుల్లోంచి జారిన తినుబండారాలు ఏరుకు తింటాయి. అంత డబ్బు పోసి టికెట్లు కొని తీసుకెళితే, మన ఊరి చెరువులో కనిపించే బాతుల వెనక వాడు గంటసేపు నడిచాడు. పార్కు మధ్యలోని కోట వైపు తలైనా తిప్పలేదు. ఆ కోటను చూస్తూ నిలబడిపోయినది నేను. కింద పెద్ద రాళ్ళూ, పైకి వెళ్ళేకొద్దీ చిన్న రాళ్ళూ పేర్చినట్టు మలచి, ఉన్న 77 అడుగుల ఎత్తును ఇంకా ఎక్కువ అనిపించేలా చేశారని తర్వాతెప్పుడో తెలిసింది. మెయిన్ స్ట్రీట్‌లోని భవనాలకు కూడా పై అంతస్తులు కింది అంతస్తు కన్నా చిన్న కొలతల్లో కట్టారు. అంతస్తు అంతస్తుకూ కుంచించుకుపోయే గాలిగోపురాల కింద పెరిగిన మనకు ఈ కనికట్టు కొత్తదేమీ కాదు గానీ, అది తెలిశాక నాకు కోట మీద ఇష్టం రెట్టింపైంది.

పిల్లల సరదాకూ మా ఇష్టానికీ అసలు తేడా అక్కడే ఉందని నా అభిప్రాయం. పసివాడికి దయ్యాల కొంప నిజం, కాబట్టి ఏడుస్తాడు. 1969లో తెరిచిన హాంటెడ్ మాన్షన్ అనే దయ్యాల సవారీలో గోడలు సాగుతూ పోయే గది ఉంది చూడండి, అది కాలిఫోర్నియాలో మనల్ని దింపే లిఫ్టు. చుట్టూ తిరిగే రైలు కట్ట కిందుగా, పార్కు హద్దుల అవతల ఉన్న పెద్ద షెడ్డులోకి జనాన్ని చేర్చడానికి అలా చేశారు. ఫ్లోరిడాలో ఆ అవసరం లేదు, అక్కడ గది కదలదు, కప్పే పైకి లేస్తుంది. లోపల విందు గదిలో నాట్యమాడే దయ్యాలు పెద్ద అద్దంలో పడే ప్రతిబింబాలు. 1860లలో లండన్ రంగస్థలం మీద జనాన్ని హడలగొట్టిన కిటుకే అది. ఇదంతా తెలిసి, అద్దం ఎక్కడుందో తెలిసి, బొమ్మలు ఏ మూల దాగున్నాయో తెలిసి కూడా, ఆ గది మీదుగా బండి వెళ్ళే నిమిషంలో నాకు ఒళ్ళు జలదరిస్తుంది. తోలుబొమ్మలాటలో తెర వెనక దీపం ఉందని ఊళ్ళో అందరికీ తెలుసు, అయినా సీతమ్మ ఏడిస్తే ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకొనేవారు. పసితనమంటే తెలియకపోవడం. ఇక్కడ జరిగేది అన్నీ తెలిసి లొంగిపోవడం, అది పెద్దవాళ్ళకే చేతనవుతుంది.

జపాన్ వాళ్ళకు ఈ విషయంలో మొహమాటం లేదు. టోక్యో డిస్నీలాండ్ 1983లో ఉరాయసు అనే పట్టణంలో వచ్చింది. ఆ పట్టణంలో ఇరవై ఏళ్ళు నిండే యువతీయువకులకు, మీరిక పెద్దవాళ్ళయ్యారని గుర్తుగా జనవరిలో జరిపే వేడుకను 2002 నుంచి ఆ పార్కులోనే జరుపుతున్నారు. కిమోనోలు కట్టుకున్న అమ్మాయిల పక్కన మిక్కీ నిలబడి ఫోటోలు దిగుతాడు. పెద్దరికానికి ఇది అడ్డమొస్తుందని మనం అనుకొనే చోటనే వాళ్ళు పెద్దరికం పుచ్చుకుంటున్నారు. ఇక మన సంగతి చెప్పాలంటే, అభిమాన హీరో కటౌట్‌కు పాలాభిషేకం చేసే యాభై ఏళ్ళ మగవాళ్ళను మనం చూడనివాళ్ళం కాదు, వాళ్ళెవరూ ‘చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది’ అనగా నేను వినలేదు.

డబ్బు సంగతి ఎత్తేవాళ్ళకు మాత్రం నా దగ్గర ధాటైన జవాబు లేదు. తెరిచిన కొత్తలో పెద్దవాళ్ళకు లోపలికి వెళ్ళడానికి ఒక డాలరు ఉండేది, ఎక్కే ప్రతిదానికీ వేరే టికెట్టు. ఇప్పుడు రద్దీ రోజుల్లో ఒక్క రోజుకే 200 డాలర్లు దాటుతోంది. నా ప్రేమ మీద ఒక కంపెనీ వ్యాపారం చేస్తోందని నాకు తెలుసు, పదకొండు పాప్‌కార్న్ డబ్బాలకు అంతకన్నా గౌరవమైన వివరణ లేదు. మా ఆడపడుచు ‘ఆ డబ్బుతో రెండు కాసుల బంగారం వచ్చేది వదినా’ అన్నప్పుడు మనసులో లెక్క కట్టి చూశాను, ఆవిడ లెక్క తక్కువే వేసింది.

ఇంక అసలు సిగ్గుపడాల్సిన వాటి దగ్గరికి వస్తాను. వాటన్నిటికీ ఒక్కటే గుర్తు: మన మోజుకు ఖరీదు ఇంకెవరో కడుతుంటారు. చనిపోయిన ఆత్మీయుల అస్థికల బూడిదను రహస్యంగా తెచ్చి హాంటెడ్ మాన్షన్‌లోనూ, పైరేట్స్ సవారీలోనూ చల్లే అభిమానులున్నారని 2018లో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. ఆ ప్రేమను నేను వెక్కిరించను, కృష్ణలోనో గోదావరిలోనో కలపమని కోరుకొనే మనకు ఆ కోరిక అర్థం కానిదేమీ కాదు. కానీ అలా జరిగిన ప్రతిసారీ సవారీ ఆపి, సన్నటి దుమ్మును కూడా పట్టే వాక్యూం యంత్రంతో ఒక పనివాడు ఆ బూడిదను పీల్చి చెత్తలో పారబోయవలసి వస్తుంది. తండ్రి ఇక్కడే ఉన్నాడని కొడుకు నమ్ముతాడు. కాదని తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాడు.

నా తప్పులు అంత ఎత్తువి కావు. ఎక్కిన రోలర్ కోస్టర్లను లెక్కపెట్టుకోవడం అమెరికాలో చాలామందికి అలవాటు, ఒక్కొక్కదాన్ని ఒక క్రెడిట్ అంటారు. నా లెక్క 43. అందులో ఒకటి పసిపిల్లల కోస్టర్, గొంగళిపురుగు ఆకారంలో ఉంటుంది, మనిషి ఎత్తు కన్నా కాస్త పైకి వెళ్ళి దిగుతుంది. వెంట పిల్లలు లేకుండా పెద్దవాళ్ళను ఎక్కనివ్వరు. మా అబ్బాయి అప్పటికే నా భుజం దాటాడు కాబట్టి, స్నేహితురాలి నాలుగేళ్ళ కూతుర్ని పంచదార అడిగినట్టు ఎరువు అడిగి తీసుకెళ్ళాను. మెట్ల దగ్గరే ‘భయమేస్తోంది ఆంటీ’ అంది. ఏం కాదులే అని ఎక్కించాను. ఒక చుట్టు అయ్యాక బోరున ఏడ్చింది. రెండో చుట్టు కూడా ఉంటుందని నాకు ముందే తెలుసు. దిగాక ఐస్‌క్రీము కొనిచ్చి, అమ్మకు చెప్పవద్దని బతిమాలుకున్నాను. 43లోంచి ఆ ఒకటి తీసేయాలని చాలాసార్లు అనుకున్నాను, ఇంకా తీయలేదు.

రెండోది మా అమ్మతో జరిగింది. 2012లో అమ్మ మొదటిసారి అమెరికా వచ్చింది. మోకాళ్ళ నొప్పులున్నాయి, నెమ్మదిగా నడవగలదు, ఆగి ఆగి వెళితే ఎంత దూరమైనా నడుస్తుంది. పార్కు గేటు దగ్గర నేను చక్రాల కుర్చీ అద్దెకు తీసుకున్నాను. ‘నేను నడుస్తాను కదే’ అంటున్నా వినలేదు. అప్పట్లో చాలా పాత సవారీల వరుసల్లో కుర్చీ పట్టేది కాదు కనుక, కుర్చీ ఉన్నవాళ్ళను బయటికొచ్చే దారిగుండా పంపేవారు, చాలాచోట్ల తొందరగా పని అయిపోయేది. ఆ సంగతి తెలిసే తీసుకున్నాను. ఆ వెసులుబాటును వాడుకోవడానికి డబ్బున్న కొన్ని కుటుంబాలు వికలాంగులను కూలికి వెంటబెట్టుకొస్తున్నాయని మరుసటి ఏడాది న్యూయార్క్ పోస్ట్ పత్రికలో వచ్చింది, ఆ అక్టోబరులోనే పార్కులు పాత పద్ధతిని మార్చేశాయి. ఆ వార్తకు అందరూ ఛీ అన్నారు. నేను గట్టిగా అనలేకపోయాను.

ఒకచోట ఎదురుచూస్తూ ఉండగా, మోకాళ్ళు పట్టేశాయని అమ్మ లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకొని పదడుగులు అటూ ఇటూ నడిచింది. మా వెనక ఒక తండ్రి, తన ఎదిగిన కొడుకును కుర్చీలో తీసుకొచ్చాడు. ఆ అబ్బాయి మెడ నిలవక పట్టీతో కట్టి ఉంది. ఆయన మా అమ్మను చూశాడు, ఖాళీ కుర్చీని చూశాడు, నన్ను చూశాడు. ఏమీ అనలేదు. అమ్మకు ఇంగ్లీషు రాదు, కానీ ఆ చూపు చదవడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. ‘వాళ్ళను ముందు పంపించవే’ అంది, తనే చేయి చాపి దారి చూపించింది. తర్వాత కుర్చీలో కూర్చోలేదు, దాన్ని పట్టుకొని తోసుకుంటూ నడిచింది.

ఆ మధ్యాహ్నమే ‘ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్’ ఎక్కాం. 1964 నాటి న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం చేసిన సవారీ అది, రెండేళ్ళ తర్వాత డిస్నీలాండ్‌కు తెచ్చారు. పడవలో కూర్చుంటే చుట్టూ దేశదేశాల పిల్లల బొమ్మలు ఆడుతూ పాడుతూ ఉంటాయి. ఆ పాట బుర్రలోంచి పోదని అందరూ విసుక్కుంటారు. పడవ మొదటి మలుపు తిరగ్గానే అమ్మ నా చేయి గట్టిగా పట్టుకొని, ‘ఒసేయ్, ఇది బొమ్మల కొలువే’ అంది. మనం మెట్ల మీద పెడతాం, వీళ్ళు కాలవ గట్టున పెట్టారు, అంతే తేడా అని తేల్చేసింది. ఇన్నిటికీ దుమ్మెవరు తుడుస్తారని అడిగింది. మన దేశం బొమ్మలు వచ్చినప్పుడు చీరకట్టు సరిగ్గా లేదంది. దిగాక, ‘అంతా బాగానే ఉంది, వచ్చినవాళ్ళకు శనగలు పెట్టడమే మరిచిపోయారు’ అంది. నేను సంచీ సర్దుకుంటుంటే, కాసేపు ఆగి, ఎవరైనా వింటారేమోనన్నట్టు గొంతు తగ్గించి అడిగింది: ‘ఇంకోసారి ఎక్కనిస్తారా?’

మూడుసార్లు ఎక్కాం. మూడోసారి వరుసలో నిలబడే ఎక్కాం. అరవై ఏళ్ళు దాటాక, ఎవరి చెప్పులూ కాయకుండా, మనవడి పేరు చెప్పకుండా ఆమె తనకోసం అడిగిన సరదా నేనెరిగినంతలో అదొక్కటే.

నాకేమో అంత సూటిగా అడగడం అప్పటికి రాలేదు. మా అబ్బాయిని వెంటబెట్టుకొని ఏటా పదిసార్లయినా వెళ్ళేదాన్ని. స్వామికార్యం, స్వకార్యం అంటారే, అలాగన్నమాట. వాడికి పన్నెండేళ్ళప్పుడు, తిరిగొచ్చే దారిలో కారు కిటికీలోంచి బయటికి చూస్తూ, ‘అమ్మా, నాకు ఎప్పటినుంచో బోర్ కొడుతోంది. నువ్వొక్కదానివే వెళితే బాగుండదని వస్తున్నా. ఎవరికీ చెప్పన్లే’ అన్నాడు. నేను వాణ్ణి తీసుకెళుతున్నాననుకున్నాను, వాడేమో నన్ను తీసుకెళుతున్నాడు. అంత జరిగాక కూడా నేను మారలేదు. శుక్రవారం ఆఫీసులో ‘రేపు బాబును డిస్నీలాండ్‌కు తీసుకెళ్ళాలి’ అని చెప్పి ఒక్కదాన్నే వెళుతూ ఆరేళ్ళు గడిపాను. 2021 చివర్లో అలాగే అంటే, మా టీములో గుంటూరు అమ్మాయి ఒకతె అమాయకంగా, ‘మీ అబ్బాయి ఆగస్టులోనే టెక్సస్‌లో కాలేజీలో చేరాడన్నారు కదండీ?’ అని అడిగింది. చుట్టూ ఐదుగురున్నారు. సెలవులకు వచ్చాడని చెప్పాను. అది నవంబరు మొదటి వారం.

మొన్న జనవరిలో మాటర్‌హార్న్ దగ్గరికి వెళ్ళాను. ఒంటరిగా వచ్చేవాళ్ళకు అక్కడ వేరే వరుస ఉంటుంది, మిగిలిన ఖాళీ సీట్లలో మనల్ని సర్దుతారు. ఎంతమందని అడిగిన కుర్రాడికి ఒక వేలు చూపించాను. వెనక సీటు ఇచ్చాడు, ముందు ఇద్దరు కాలేజీ అమ్మాయిలు కూర్చున్నారు. బయలుదేరే ముందు, కదలకుండా కూర్చోమని మొదట ఇంగ్లీషులోనూ తర్వాత స్పానిష్‌లోనూ చెప్పే ప్రకటన వచ్చింది. నాకు తెలిసిన స్పానిష్ అంతా ఆ ఒక్క వాక్యమే. ‘పెర్మనెసేర్ సెంతాదోస్, పోర్ ఫవోర్’ అని దానితోపాటు నేనూ అన్నాను, కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, ముందున్న అమ్మాయిలు వెనక్కి తిరిగి చూశారు. ఆ సీట్లు నేలకు మరీ దగ్గరగా ఉంటాయి, దిగేటప్పుడు మా అమ్మ మోకాళ్ళే నాకూ వచ్చాయని తెలుస్తుంది. ఆ ఇద్దరిలో ఒకమ్మాయి చేయి అందించింది, పట్టుకొని లేచి, మళ్ళీ ఒంటరివాళ్ళ వరుస వైపు నడిచాను.